డిష్ తీసేసి టీ-ఫైబర్ పెట్టుకోవాలా? ముందు ఇంటి లెక్క చూసుకోండి

నల్గొండ, పాలమూరు ప్రాంత కుటుంబాల కోసం సులభ వివరణ

ముఖ్యమైన మాటలు – ఒక్క చూపులో

• టీ-ఫైబర్‌లో ఒకే తీగ మీద ఇంటర్నెట్, టీవీ చానళ్లు, టెలిఫోన్ మూడూ వస్తాయి. నెలకు 300 రూపాయలకు ఇవ్వాలన్నది ప్రభుత్వం ప్రకటించిన లక్ష్యం.
• డిష్ రీచార్జ్‌తో మాత్రమే పోల్చి చూస్తే లెక్క తప్పుతుంది. డిష్ రీచార్జ్, ఇంట్లోని ఫోన్ల రీచార్జ్ రెండూ కలిపి చూడాలి.
• చదువుకునే పిల్లలు, రెండు మూడు స్మార్ట్ ఫోన్లు ఉన్న ఇంటికి ఫైబర్ మేలు. టీవీ మాత్రమే చూసే ఇంటికి డిష్ చాలు.
• ఫైబర్ రాగానే డిష్ పీకేయొద్దు. కనీసం రెండు నెలలు చూసినంక నిర్ణయించుకోండి.
• కనెక్షన్ ఇప్పిస్తామని ఫోన్‌లో పైసలు, ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు.

1. టీ-ఫైబర్ అంటే ఏమిటి?

తెలంగాణ ఫైబర్ గ్రిడ్ కార్పొరేషన్ ఆధ్వర్యంలో నడిచే ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం పేరే టీ-ఫైబర్. ఇంటింటికీ నల్లా నీళ్ల కోసం మిషన్ భగీరథ పైపులు వేసినప్పుడు మన ఊర్ల రోడ్ల పక్కన కందకాలు తవ్విన సంగతి అందరికీ తెలుసు. ఆ పథకం పైలాన్ ఉన్నది మన చౌటుప్పల్‌లోనే. ఫైబర్ కోసం మళ్లీ వేరుగా తవ్వే ఖర్చు లేకుండా అవే కందకాల్లో ఫైబర్ గొట్టాలు కూడా వేయాలని అప్పుడే అనుకున్నారు.

2024 డిసెంబర్ 8న ఐటీ శాఖ మంత్రి దుద్దిళ్ల శ్రీధర్ బాబు ఈ సేవలను ప్రారంభించారు. మొదటి విడతగా మూడు ఊర్లను ఎంచుకున్నారు. అవి పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్, సంగారెడ్డి జిల్లాలోని సంగుపేట, నారాయణపేట జిల్లాలోని మద్దూర్. మద్దూర్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోదే. ఆ ఊర్లలో 20 ఎంబీపీఎస్ వేగంతో ఇంటర్నెట్, దానితోపాటు కేబుల్ టీవీ, టెలిఫోన్ ఇస్తామని, టీవీని కంప్యూటర్ లెక్క వాడుకునే వీలు కూడా ఉంటుందని చెప్పారు.

పథకం ప్రకటించినంత మాత్రాన ప్రతి ఇంటి దాకా తీగ వచ్చినట్టు కాదు. గ్రామ పంచాయతీ ఆఫీసుకు ఫైబర్ రావడం ఒక దశ. అక్కడి నుంచి మీ గల్లీకి, మీ గోడకు రావడం ఇంకో దశ. అందుకే మీ పంచాయతీ కార్యదర్శిని అడిగేటప్పుడు “మా ఊరికి ఫైబర్ వచ్చిందా?” అని కాకుండా “ఇండ్లకు కనెక్షన్లు ఇస్తున్నారా? మా వాడకు ఇస్తారా?” అని అడగండి. ఇండ్లకు ఇంకా ఇవ్వకపోతే ఇప్పుడున్న డిష్‌ను అలాగే నడుపుకోండి. కనెక్షన్లు మొదలైనప్పుడు ఈ వివరణ పనికొస్తుంది. ప్రైవేటు కంపెనీ ఫైబర్ తీసుకోవాలని అనుకునే వాళ్లకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

2. డిష్ ఎట్ల పనిచేస్తుంది? ఫైబర్ ఎట్ల పనిచేస్తుంది?

డిష్: భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి చానళ్లు నేరుగా మీ ఇంటి మీది డిష్‌కు వస్తాయి. మధ్యలో స్తంభాలు, తీగలు ఉండవు. అందుకే ఊరికి దూరంగా ఉన్న తండాలో, బావి కాడి ఇంట్లో, నల్లమల అంచున ఉన్న పల్లెలో కూడా డిష్ నడుస్తుంది. పెద్ద వాన కురిసేటప్పుడు, దట్టమైన మబ్బు పట్టినప్పుడు బొమ్మ ఆగిపోవచ్చు. వాన తగ్గగానే దానంతట అదే వస్తుంది.

ఫైబర్: వెంట్రుక అంత సన్నని గాజు తీగలో వెలుగు రూపంలో సమాచారం వస్తుంది. ఇంట్లో గోడకు ఒక చిన్న ఫైబర్ బాక్స్ పెడతారు. దాని నుంచి వైఫై వస్తుంది. టీవీకి ఇంకో బాక్స్ ఉంటుంది. వానకు, మబ్బుకు బొమ్మ ఆగదు. కానీ రోడ్డు పనిలో జేసీబీ తగిలినా, స్తంభం విరిగినా, కోతులు తీగ లాగినా టీవీ, ఇంటర్నెట్, ఇంటి ఫోన్ మూడూ ఒకేసారి ఆగిపోతాయి. తెగిన గాజు తీగను మామూలు కరెంటు వైరులెక్క మెలిపెట్టి టేపు చుడితే అతకదు. దానికి మిషన్, నేర్చుకున్న మనిషి కావాలి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఇది: డిష్‌లో లోపం ఎక్కువగా మీ ఇంటి మీదనే ఉంటుంది. ఫైబర్‌లో లోపం మీ ఇంటికి కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. కాబట్టి రిపేరు చేసే మనిషి మీ ఊర్లో ఉన్నాడా, మండల కేంద్రం నుంచి రావాలా అన్నది ధర ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

కరెంటు పోతే? రెండూ ఆగుతాయి. టీవీకి కరెంటు కావాలి, ఫైబర్ బాక్స్‌కు కూడా కావాలి. ఇన్వర్టర్ ఉంటే ఫైబర్ బాక్స్‌ను దానికి కలపవచ్చు. అది చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది.

3. 20 ఎంబీపీఎస్ ఇంటికి సరిపోతుందా?

మంచి నాణ్యతతో ఒక వీడియో నడవాలంటే దాదాపు 5 ఎంబీపీఎస్ ఉంటే చాలు. అంటే టీవీలో ఒక సినిమా, ఒక పాప ఫోన్‌లో పాఠం, ఇంకొకరి ఫోన్‌లో వీడియో కాల్ ఒకేసారి నడుస్తాయి. వేగంతో పాటు అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది: “నెలకు ఎంత డేటా దాకా ఈ వేగం ఇస్తారు? అది దాటితే వేగం ఎంతకు పడిపోతుంది?” మంచి నాణ్యత వీడియోకు గంటకు 3 జీబీ దాకా, మామూలు నాణ్యతకు 1 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు రెండు గంటలు మంచి నాణ్యతలో చూస్తేనే నెలకు 180 జీబీ అవుతుంది.

ఇంకో మాట. ఫైబర్ టీవీ బాక్స్‌లో వచ్చే చానళ్లు వేరు, ఓటీటీ యాప్‌లు వేరు. చానళ్లు ప్యాకేజీలో వస్తాయి. సినిమాల యాప్‌లలో చాలావాటికి విడిగా చందా కట్టాలి. “ఇంటర్నెట్ ఉంటే అన్నీ ఫ్రీ” అనుకోవద్దు.

4. అసలు లెక్క: మూడు ఇండ్లు

కింద ఉన్నవి ఉదాహరణ లెక్కలు. మీ ఇంటి రేట్లు పెట్టి ఇదే పద్ధతిలో లెక్క వేసుకోండి. ఫైబర్‌కు నెలకు 300 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 354 అనుకుందాం. అంటే ఏడాదికి 4,248 రూపాయలు. 300లోనే జీఎస్టీ కలిసి ఉంటే ఏడాదికి 3,600 అవుతుంది. అందుకే జీఎస్టీ సంగతి ముందే అడగండి.

మొదటి ఇల్లు: చదువుకునే పిల్లలు, రెండు స్మార్ట్ ఫోన్లు

ఇప్పుడు: డిష్‌కు నెలకు 300, ఏడాదికి 3,600. ఒక్కో ఫోన్‌కు 28 రోజులకు 300 రూపాయల డేటా ప్యాక్. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయాలి. ఒక ఫోన్‌కు 3,900, రెండు ఫోన్లకు 7,800. మొత్తం 11,400.

ఫైబర్ వస్తే: ఫైబర్‌కు 4,248. బయట తిరిగే వారి ఫోన్‌కు డేటా ప్యాక్ ఉండాల్సిందే కాబట్టి 3,900. ఇంట్లో ఉండే వారి ఫోన్‌కు వైఫై ఉంది కాబట్టి కాల్స్ మాత్రమే ఉన్న ప్యాక్ సరిపోతుంది. అది 84 రోజులకు 450 అనుకుంటే ఏడాదికి దాదాపు 1,950. మొత్తం దాదాపు 10,100.

మిగులు: ఏడాదికి దాదాపు 1,300 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. కనెక్షన్ పెట్టేటప్పుడు బాక్స్‌కు, తీగకు 1,500 తీసుకుంటే మొదటి ఏడాది ఏమీ మిగలదు. కానీ ఈ ఇంట్లో పిల్లలకు రోజుకు 1.5 జీబీ అయిపోయిందన్న బాధ ఉండదు. ఈ ఇంటికి అసలు లాభం అదే.

గమనిక: డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు కూడా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కంపెనీలను ఆదేశించింది. రీచార్జ్ షాపులో ఈ ప్యాక్ పేరు చెప్పకపోతే మీరే అడిగి వేయించుకోండి. ఇది మార్చకుండా ఫైబర్ పెట్టుకుంటే ఖర్చు తగ్గదు, పెరుగుతుంది.

రెండో ఇల్లు: పెద్దవాళ్లు ఇద్దరే, బటన్ ఫోన్లు

ఇప్పుడు: డిష్‌కు నెలకు 200, ఏడాదికి 2,400.
ఫైబర్ వస్తే: 4,248.
అంటే ఏడాదికి 1,848 రూపాయలు ఎక్కువ. పింఛన్ నెలకు 2,016 వచ్చే ఇంటికి దాదాపు ఒక నెల పింఛన్ పోయినట్టే. పిల్లలు పట్నంలో ఉండి రోజూ వీడియో కాల్ చేస్తామంటే, ఆ ఖర్చు పిల్లలే పెట్టుకుంటామంటే అది వేరే మాట. లేకపోతే ఈ ఇంటికి డిష్ చాలు.

మూడో ఇల్లు: ఏడాదిలో ఆరు నెలలు వలస పోయే కుటుంబం

పాలమూరు నుంచి, దేవరకొండ వైపు తండాల నుంచి పనికి పోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. డిష్ అయితే ఇంట్లో ఉన్న ఆరు నెలలే రీచార్జ్ చేస్తారు. నెలకు 250 అనుకుంటే 1,500 రూపాయలు. ఫైబర్ బిల్లు ఇంటికి తాళం వేసినా నడిస్తే 4,248. ఆరు నెలలు ఆపుకునే వీలుంటే 2,124. కాబట్టి ఈ ఇంటోళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: “ఊర్లో లేనప్పుడు కనెక్షన్ ఆపుకోవచ్చా? మళ్లీ మొదలుపెట్టడానికి పైసలు కట్టాలా?” సరైన జవాబు రాకపోతే డిష్‌ను వదలొద్దు.

5. మారకుండానే డిష్ ఖర్చు తగ్గించే దారి

చాలా ఇండ్లల్లో చూడని చానళ్లకు కూడా పైసలు కడుతున్నాం. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ నియమాల ప్రకారం పే చానళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు మీకు ఉంది. కంపెనీ ఇచ్చిన పెద్ద ప్యాక్‌నే తీసుకోవాలని లేదు. ఇంట్లో వారం రోజులు ఏ ఏ చానళ్లు చూశారో కాగితం మీద రాయండి. మామూలుగా పది పదిహేను మించవు. వాటినే ఉంచి మిగతావి తీసేయమని కస్టమర్ కేర్‌కు చెప్పండి. నెలకు 80 రూపాయలు తగ్గినా ఏడాదికి 960 మిగులుతుంది.

నెల చందా అసలే లేని దారి డీడీ ఫ్రీ డిష్. ప్రసార భారతి 2004 నుంచి నడుపుతున్నది. డిష్, బాక్స్ ఒకసారి కొంటే చాలు. డీడీ యాదగిరి వస్తుంది. కానీ మీ ఇంట్లో చూసే సీరియల్ చానళ్లన్నీ అందులో ఉండవు. అవి లేకున్నా నడుస్తుందా అని ఇంట్లో అందరినీ అడిగే తీసుకోండి.

6. పిల్లల చదువు సంగతి

2020 సెప్టెంబర్ 1 నుంచి కరోనా కాలంలో బడి పాఠాలు డీడీ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో వచ్చాయి. టీవీ ఉన్న పిల్లలు టీవీలో, స్మార్ట్ ఫోన్ ఉన్న పిల్లలు ఫోన్‌లో చూశారు. టీవీలో పాఠం టైముకు వచ్చి పోతుంది, మళ్లీ అడిగితే రాదు. ఇంటర్నెట్‌లో అర్థం కాని చోట ఆపి, మళ్లీ చూడొచ్చు. ఈ తేడా పదో తరగతి, ఇంటర్ పిల్లలకు, గ్రూప్స్, పోలీసు ఉద్యోగాలకు చదివే యువతకు చాలా పెద్దది.

టీ-శాట్‌లో బడి, కాలేజీ పిల్లల కోసం ‘విద్య’, పోటీ పరీక్షల కోసం ‘నిపుణ’ చానళ్లు ఉన్నాయి. టీ-శాట్ యాప్‌లో, యూట్యూబ్‌లో కూడా పాఠాలు ఉచితంగా చూడొచ్చు. ఇంట్లో ఇట్ల చదివే వారు ఒక్కరున్నా ఫైబర్ గురించి గట్టిగా ఆలోచించాల్సిందే.

అయితే చదువు పేరుతో వచ్చిన వైఫై రాత్రి పన్నెండు దాకా రీల్స్‌కు పోకుండా చూసుకునే బాధ్యత ఇంటిపెద్దలది. రాత్రి ఒక టైముకు ఫైబర్ బాక్స్ స్విచ్ ఆపేస్తే చాలు.

7. సంతకం పెట్టే ముందు అడగాల్సిన పది ప్రశ్నలు

1) నెల చార్జీ జీఎస్టీతో కలిపి ఎంత?
2) బాక్స్‌కు, తీగకు, ఫిట్టింగ్‌కు ఎంత? అడ్వాన్స్ అయితే తిరిగి ఇస్తారా?
3) బాక్స్ మాదా, మీదా? పిడుగు పడి కాలిపోతే ఎవరు మారుస్తారు?
4) చానళ్ల లిస్టు ఇవ్వండి. మేం చూసే చానళ్లు, టీ-శాట్ అందులో ఉన్నాయా?
5) రెండో టీవీకి ఇంకో బాక్స్ కావాలా? దానికి ఎంత?
6) మా పాత డబ్బా టీవీకి ఈ బాక్స్ కలుస్తుందా? (కొత్త బాక్స్‌లు చాలావరకు హెచ్‌డీఎంఐ వైరుతో వస్తాయి. పాత టీవీకి మూడు రంగుల పిన్నుల వైరు కావాలి.)
7) నెలకు డేటా ఎంత? టీవీ చానళ్లు చూస్తే ఆ డేటా ఖర్చవుతుందా?
8) తీగ తెగితే ఎన్ని రోజుల్లో వస్తారు? ఎవరికి ఫోన్ చేయాలి?
9) ఊర్లో లేని నెలలకు ఆపుకోవచ్చా?
10) ఈ ధర ఎప్పటి దాకా? పెంచితే ముందే చెబుతారా?

పదో ప్రశ్న ఎందుకంటే, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్ 27న మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఇస్తామన్నారు. తర్వాతి కాలంలో ప్యాకేజీలు, ధరలు మారాయి. సాగర్ అవతల చుట్టాలుంటే వాళ్ల అనుభవం అడిగి తెలుసుకోండి. ఈ రోజు ధరను చూసి పదేళ్ల నిర్ణయం తీసుకోవద్దు.

8. మార్చుకునేటప్పుడు పాటించాల్సిన వరుస

• మొదట: మీ గల్లీలో ఫైబర్ తీసుకున్న ఇల్లు ఒక్కటన్నా చూడండి. “ఎన్నిసార్లు ఆగింది? ఫోన్ చేస్తే ఎన్ని రోజులకు వచ్చారు?” అని ఆ ఇంటోళ్లను అడగండి.
• రెండోది: ఏడాది చార్జీ ఒకేసారి కట్టొద్దు. మొదట నెల వారీగా కట్టండి. ప్రతిసారి రసీదు తీసుకోండి.
• మూడోది: డిష్‌ను అట్లనే ఉంచండి. రీచార్జ్ ఆపితే ఎన్ని రోజుల దాకా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చో కంపెనీని అడగండి.
• నాలుగోది: రెండు నెలలు క్యాలెండర్ మీద రాయండి. ఏ రోజు ఆగింది, ఏ రోజు వచ్చింది. ఒక వానాకాలం నెల అందులో ఉంటే ఇంకా మంచిది. తవ్వకాలు, స్తంభాలు, తీగలు అప్పుడే పరీక్షకు నిలుస్తాయి.
• ఐదోది: ఇంట్లో ఎక్కువ సేపు టీవీ చూసే అమ్మమ్మ, తాతయ్య కొత్త రిమోట్‌తో తమ చానల్ తామే పెట్టుకోగలుగుతున్నారా చూడండి. చేతగాకపోతే వాళ్లు టీవీ చూడటమే మానేస్తారు.
• చివరిది: అన్నీ కుదిరితే డిష్ బాక్స్ అద్దెదైతే వాపస్ ఇచ్చి రసీదు తీసుకోండి. సొంతదైతే దాచిపెట్టండి. బ్యాలెన్స్ మిగిలి ఉంటే ఏం చేస్తారో అడగండి.

9. మోసపోవద్దు

“ప్రభుత్వ ఇంటర్నెట్ మీ పేరు మీద మంజూరైంది, రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి” అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మొద్దు. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి ఆధార్, బ్యాంకు వివరాలు నింపొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. కనెక్షన్ కోసం గుర్తింపు కార్డు కాపీ ఇవ్వాల్సి వస్తే దాని మీద “ఇంటర్నెట్ కనెక్షన్ కోసం మాత్రమే” అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

వైఫై పాస్‌వర్డ్ గల్లీ అంతా పంచొద్దు. కనెక్షన్ మీ పేరు మీద ఉంటుంది. ఎవరైనా తప్పు పని చేస్తే ముందు మిమ్మల్నే అడుగుతారు.

10. తరచూ అడిగే ప్రశ్నలు

ప్ర: కేబులాయనకు నెలనెలా ఇస్తున్నం. మాకూ ఇదే లెక్కనా?
జ: అవును. డిష్ రీచార్జ్ ఉన్న చోట కేబుల్ చార్జీ పెట్టి చూడండి. ఒక్క తేడా ఏందంటే, కేబులాయన మీ ఊరి మనిషి, పిలిస్తే వస్తాడు. దానికి కూడా విలువ ఉంది.

ప్ర: ఫైబర్ పెట్టుకుంటే ఫోన్ రీచార్జ్ పూర్తిగా మానేయొచ్చా?
జ: మానొద్దు. రీచార్జ్ లేకుండా ఎక్కువ రోజులు ఉంచితే నంబర్ పోయే ప్రమాదం ఉంది. బ్యాంకు, పింఛన్, గ్యాస్ మెసేజ్‌లు ఆ నంబర్‌కే వస్తాయి. కాల్స్ ప్యాక్ అయినా ఉంచుకోండి.

ప్ర: మామూలు టీవీ ఉంది, స్మార్ట్ టీవీ కొనాలా?
జ: టీవీ బాక్స్ ఇస్తే కొత్త టీవీ కొనే పని లేదు. ఆరో ప్రశ్న అడిగి తెలుసుకోండి.

ప్ర: డిష్, ఫైబర్ రెండూ ఉంచుకోవచ్చా?
జ: ఉంచుకోవచ్చు. ఫైబర్‌తో పాటు చందా లేని డీడీ ఫ్రీ డిష్ ఉంటే, తీగ తెగిన రోజు కూడా వార్తలు చూడొచ్చు.

ప్ర: సర్వీసు సరిగ్గా లేదు, పట్టించుకోవడం లేదు. ఎక్కడ చెప్పాలి?
జ: మొదట కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టి నంబర్ రాసుకోండి. పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. ప్రభుత్వ పథకానికి సంబంధించిన ఇబ్బంది అయితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వొచ్చు. ఫిర్యాదు నంబర్, రసీదులు, క్యాలెండర్ మీద రాసిన తేదీలు వెంట తీసుకుపోండి.

ఈ రోజే చేయాల్సిన పని

ఒక కాగితం తీసుకోండి. ఎడమ పక్క ఏడాది డిష్ ఖర్చు, ఇంట్లోని అన్ని ఫోన్ల ఏడాది రీచార్జ్ రాసి కూడండి. కుడి పక్క ఫైబర్ ఏడాది ఖర్చు, ఫైబర్ వచ్చినంక కూడా తప్పని ఫోన్ రీచార్జ్, మొదటిసారి కట్టే ఫిట్టింగ్ చార్జీ రాసి కూడండి. కాగితం కింద రెండు మాటలు రాయండి: “ఇంట్లో చదివేవాళ్లు ఎంతమంది?”, “రిపేరు మనిషి ఎంత దూరం?” కుడి పక్క తక్కువైనా, కొంచెం ఎక్కువైనా చదివేవాళ్లు ఉండి, రిపేరు మనిషి దగ్గర్లో ఉంటే ఫైబర్ తీసుకోండి. లేకపోతే డిష్‌తో ఉండడంలో నష్టమేమీ లేదు. తీగ మీ గల్లీకి వచ్చి నాలుగు ఇండ్లల్లో బాగా నడిచినంక అయినా తీసుకోవచ్చు.

ఈ వివరణను మీ వాడ గ్రూపులో, మహిళా సంఘం గ్రూపులో పంపండి. ఫోన్ చదవరాని పెద్దలకు చదివి వినిపించండి.